బడికి రాని రోజులు

పాఠ్యభాగ ఉద్దేశం

పిల్లలను బడిలో చేర్పించినంత మాత్రాన సమాజం బాధ్యత తీరిపోదు. చేరిన పిల్లలు ప్రతిదినం బడికి వచ్చేటట్లు చూడడం అంతకంటె ఓపిక అవసరమైన పని. పిల్లలు తరచుగా బడి మానడానికి గల కారణాలను, ఆ పరిస్థితిని మార్చడానికి జరిగిన ప్రయత్నాలను రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల అనుభవం ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యాంశ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఉదయం ప్రార్థన ముగిసి పిల్లలు తరగతి గదిలో కుదురుకొన్న తరువాత ఉపాధ్యాయుడు చేసే మొదటి పని హాజరు తీసుకోవడం. ఆయన వరుసగా పేర్లు చదువుతాడు. ఒక్కొక్క గొంతు బదులు పలుకుతుంది. ఒక పేరు దగ్గర మాత్రం ఏ గొంతూ వినిపించదు. ఉపాధ్యాయుడు ఒక క్షణం తలెత్తి చూస్తాడు; గడిలో గుర్తు వేసి తరువాతి పేరుకు వెళ్తాడు. ఆ పిల్ల ఎందుకు రాలేదో రాయడానికి హాజరుపట్టీలో గడి లేదు.

'హాజరు' అనేది అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన మాట. ఎదుట ఉండడం అని దాని అర్థం. దానికి 'కాని' అనే అర్థాన్నిచ్చే 'గైర్' ముందు చేరి 'గైర్హాజరు' ఏర్పడింది. కచేరీలలోను, న్యాయస్థానాలలోను వాడుకలో ఉన్న ఈ మాట బడిలోనూ స్థిరపడింది. కచేరీకి గైర్హాజరైన ఉద్యోగి సంజాయిషీ చెప్పుకోవాలి. మరి బడికి రాని పిల్లవాని విషయంలో సంజాయిషీ చెప్పవలసినవారు ఎవరు? పిల్లవాడా? తల్లిదండ్రులా? బడా? ఊరా? 'బడి ఎగ్గొట్టాడు' అనే మన వాడుక నేరాన్ని పిల్లవాని మీదనే మోపుతుంది. చేవెళ్ళ, మొయినాబాద్ గ్రామాలలో మూడు దశాబ్దాలకు పైగా సాగిన అనుభవం ఈ ప్రశ్నకు వేరొక సమాధానం చెబుతున్నది.

లెక్కలో కనిపించని నష్టం

బడికి దూరమైన పిల్లలు మూడు రకాలుగా ఉంటారు. అసలు బడిలో చేరనివారు మొదటి రకం. చేరి, నడుమ పూర్తిగా మానివేసినవారు రెండవ రకం. పట్టీలో పేరుండి, బడికి వస్తూ పోతూ, వచ్చిన రోజులలో సగం విని, రాని రోజులలో సగం మరచి, తరగతి వెనుక వరుసలో ఒదిగి కూర్చొనేవారు మూడవ రకం. మొదటి రెండు రకాలవారిని గురించి ప్రభుత్వాలు, పత్రికలు ఎంతో కొంత పట్టించుకుంటాయి. మూడవ రకం వారు లెక్కలలో బడిలోనే ఉన్నారు కనుక ఎవరి కంటికీ ఆనరు. నిజానికి రెండవ రకంలోకి చేరే పిల్లలలో ఎక్కువమంది ఈ మూడవ రకం నుండి వెళ్ళేవారే. బడి మానడం ఒక్కరోజు తీసుకొనే నిర్ణయం కాదు. అది రోజురోజుకు కొద్దికొద్దిగా జరుగుతుంది.

బడి పనిదినాలలో పదింట ఒక వంతు, అంతకంటె ఎక్కువ రోజులు రాకపోవడాన్ని దీర్ఘకాలిక గైర్హాజరుగా అమెరికా, ఇంగ్లండు మొదలైన దేశాలలో పరిగణిస్తున్నారు. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుండి ఐదు తరగతులకు ఏడాదికి 200, ఆరు నుండి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలని నిర్దేశించింది. 220 రోజులలో పదింట ఒక వంతు 22 రోజులు. అంటే నెలకు సుమారు రెండు రోజులు. నెలకు రెండు రోజులు మానడం ఏ ఇంటిలోనూ పెద్ద విషయంగా తోచదు. ఒక వారం జ్వరం, ఒక పెండ్లి, ఒక జాతర, అమ్మమ్మ ఊరి ప్రయాణం కలిస్తే ఆ లెక్క నిండుతుంది. కాని మొదటి తరగతి నుండి పదవ తరగతి వరకు ప్రతి సంవత్సరం ఇదే విధంగా సాగితే కోల్పోయిన దినాలు రెండు వందలు దాటుతాయి. పదేళ్ళ చదువులో ఒక సంపూర్ణ విద్యాసంవత్సరం ఎవరికీ తెలియకుండా జారిపోతుంది.

బడులు సాధారణంగా చూసుకొనేది సగటు హాజరును. సగటు ఎంత మోసకారియో ఒక చిన్న ఉదాహరణ వల్ల తెలుస్తుంది. ఒక తరగతిలో 40 మంది విద్యార్థులున్నారు. సంవత్సరం మొత్తం మీద సగటు హాజరు 90 శాతం. ఎవరైనా సంతృప్తి పడదగిన అంకె ఇది. 220 పనిదినాలకు ఆ తరగతిలో నమోదయ్యే మొత్తం గైర్హాజరులు 880. అవి అందరికీ సమానంగా పంచబడితే ఒక్కొక్కరికి 22 రోజులు వస్తాయి. అట్లా కాక ఆ 880 దినాలూ ఎనిమిది మంది పిల్లలవే అయితే ఒక్కొక్కరు 110 రోజులు, అంటే ఏడాదిలో సగం, బడికి రాలేదన్నమాట. సగటు మాత్రం రెండు సందర్భాలలోనూ 90 శాతమే. కనుక రోజుకు ఎంతమంది వచ్చారని అడగడంతో పాటు, ఏ బిడ్డ ఎన్ని రోజులు రాలేదని అడగడం అవసరం. హాజరుపట్టీని నిలువుగా కూడితే మొదటి ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. అడ్డంగా కూడితే రెండవ ప్రశ్నకు దొరుకుతుంది. చాలా బడులలో నిలువు కూడిక ప్రతిదినం జరుగుతుంది. అడ్డం కూడిక నెలాఖరున జరిగినా దానిని చూసి కదిలేవారు తక్కువ.

తప్పిపోయిన రోజు ఒంటరిగా పోదు. గణితంలో భిన్నాలు చెప్పిన వారం రానివారికి ఆ తరువాత వచ్చే శాతాలు, నిష్పత్తులు అర్థం కావు. అర్థం కాని తరగతిలో కూర్చోవడం అవమానంగా తోస్తుంది. ఉపాధ్యాయుడు అడిగే ప్రశ్నకు జవాబు రాదన్న భయంతో మరునాడు కూడా కడుపునొప్పి వస్తుంది. మానినందువల్ల వెనుకబడడం, వెనుకబడినందువల్ల మానడం ఈ విధంగా గానుగెద్దు తిరుగుడై సాగుతాయి. బయటివారికి కనిపించే సోమరితనం వెనుక తరచుగా ఈ సిగ్గే ఉంటుంది.

పూలతోటల నడుమ బడులు

హైదరాబాదు నుండి పడమరగా బీజాపూరు వెళ్ళే దారిలో మొదట మొయినాబాద్, తరువాత చేవెళ్ళ వస్తాయి. ఈ దారి ఇరువైపులా ఉన్న పెద్ద మర్రిచెట్లకు ప్రసిద్ధి. మొయినాబాద్‌కు ఒకవైపు ఉస్మాన్‌సాగర్, మరొకవైపు హిమాయత్‌సాగర్ జలాశయాలున్నాయి. ఆ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నియంత్రించింది. నగరం ఎంత సమీపంలో ఉన్నా ఈ ప్రాంతంలో వ్యవసాయం నిలవడానికి అది ఒక కారణం. నగరపు అంగళ్ళకు కావలసిన టమాట, వంకాయ, ఆకుకూరలు, బంతి, చామంతి, గులాబీ ఈ నేలలో పండుతాయి.

కూరగాయలకు, పూలకు ఒక ప్రత్యేక లక్షణం ఉన్నది. వరి, జొన్న కోతకు వస్తే పదిరోజుల పని. పూల కోత అట్లా కాదు. తెల్లవారుజామున కోయాలి, వాడకముందే గుడిమల్కాపూర్ వంటి మార్కెట్లకు చేర్చాలి. బతుకమ్మ, దసరా, దీపావళి, పెండ్లి ముహూర్తాల కాలంలో ధర పలుకుతుంది కనుక ఆ రోజులలో ఇంటిల్లిపాదీ తోటలో ఉండవలసి వస్తుంది. బడిగంట, పూలకోత దాదాపు ఒకే వేళకు పడతాయి. తోటలో నుండి బయలుదేరేసరికి బడి మొదలై ఉంటుంది. ఆలస్యంగా వెళ్ళి బయట నిలబడడం కంటె వెళ్ళకపోవడమే నయమని పిల్లలు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

1990ల తొలినాళ్ళలో ఈ జిల్లా గ్రామాలలో పిల్లల పరిస్థితి ఇంతకంటె దారుణంగా ఉండేది. అప్పుల కింద జీతానికి కుదిరిన మగపిల్లలు పశువులను కాచేవారు. ఆడపిల్లలు పూలతోటలలోను, కూరగాయల మళ్ళలోను కూలికి వెళ్ళేవారు. చెల్లినో తమ్ముడినో చంకనెత్తుకొని ఇంటి పని చేసే బాలికలను ఎవరూ కార్మికులుగా లెక్కించేవారే కారు. 1986 నాటి బాలకార్మిక చట్టం ప్రమాదకరమైనవని పేర్కొన్న కొన్ని పనులనే నిషేధించింది. పొలం పని, ఇంటి పని దాని పరిధిలోకి రాలేదు. అదే సంవత్సరం వచ్చిన జాతీయ విద్యావిధానం పనిచేసే పిల్లల కోసం అనియత విద్యాకేంద్రాలను సూచించింది. పగలంతా పొలంలో అలసిన బిడ్డ రాత్రి దీపం వెలుగులో అక్షరాలు దిద్దుకోవాలి. పిల్లవాడు పని చేయడం తప్పదన్న భావనను ఆ ఏర్పాటు ముందే అంగీకరించింది.

దృష్టి మార్చిన ఉద్యమం

ప్రసిద్ధ చరిత్రకారుడు, రాజనీతి శాస్త్రవేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ 1991లో రంగారెడ్డి జిల్లా గ్రామాలలో బాలకార్మికుల సమస్యను చేపట్టింది. ఆయన మనుమరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యులు శాంతా సిన్హా దానికి నాయకత్వం వహించారు. శంకర్‌పల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాల గ్రామాలు ఆ కృషికి తొలి క్షేత్రాలలో చేరాయి. క్రమంగా అది జిల్లాలోని వందలాది గ్రామాలకు విస్తరించింది.

ఆ సంస్థ కొన్ని సూత్రాలను రాజీలేనివిగా ప్రకటించుకొన్నది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. ప్రతి బిడ్డా పగటిపూట నడిచే పూర్తికాలపు బడికే వెళ్ళాలి. పిల్లల పనిని ఏ కారణంతోనూ సమర్థించరాదు. ఈ సూత్రాలు వెలువడిన కాలంలో చాలామందికి ఆచరణ సాధ్యం కానివిగా తోచాయి. పేదరికం ఉన్నంతకాలం పిల్లలు పనికి వెళ్ళక తప్పదని, ముందు తల్లిదండ్రుల ఆదాయం పెరగాలని పెద్దలు వాదించేవారు. ఆ వాదన తేలికగా తోసివేయదగినది కాదు. బిడ్డ తెచ్చే కూలి డబ్బు ఇంటి ఉప్పుకు, పప్పుకు ఆసరా అవుతున్నప్పుడు దానిని వదులుకొమ్మని చెప్పడం బయటివారికి సులభం, ఇంటివారికి కష్టం.

అయితే గ్రామాలలో ఇంటింటికీ తిరిగినవారికి వేరొక సత్యం కూడా ఎదురైంది. ఒకే వాడలో, ఒకే స్థాయి పేదరికంలో ఉన్న రెండు కుటుంబాలలో ఒక ఇంటి పిల్లలు బడికి వెళ్తున్నారు, మరొక ఇంటివారు వెళ్ళడం లేదు. పేదరికమే ఏకైక కారణమైతే ఈ భేదం ఉండకూడదు. లోతుగా విచారిస్తే, చదువంటే తల్లిదండ్రులకు ఇష్టం లేక కాదని, బడి వాకిలి వారికి తెరుచుకోలేదని తేలింది. తొమ్మిదేళ్ళ పిల్లను ఒకటవ తరగతిలో కూర్చోబెడతామంటారు. పుట్టిన తేదీ కాగితం తెమ్మంటారు. కొన్నాళ్ళు రాకపోతే పట్టీ నుండి పేరు కొట్టివేస్తారు. అక్షరం తెలియని తల్లి బడి గడప ఎక్కి అయ్యవారితో మాట్లాడడానికి జంకుతుంది. ఒకసారి వెనుదిరిగితే మళ్ళీ రాదు. ఆ వెనుదిరగడాన్నే లోకం 'తల్లిదండ్రుల నిర్లక్ష్యం' అన్నది.

అందువల్ల పని మూడు దిక్కుల నుండి మొదలైంది. మొదటిది ఊరి లెక్క. ఐదేళ్ళ నుండి పద్నాలుగేళ్ళ వయస్సు గల ప్రతి బిడ్డ పేరు, ఎక్కడ ఉన్నదీ, ఏమి చేస్తున్నదీ ఇంటింటికీ వెళ్ళి రాసుకొన్నారు. రెండవది వారధి శిక్షణ. ఎన్నడూ బడి ముఖం చూడని పిల్లలను నేరుగా తరగతిలో కూర్చోబెడితే నిలువలేరు గనుక శిబిరాలలో కొన్ని నెలల పాటు ఉంచి, వయస్సుకు తగిన తరగతిలో చేరేటట్లు తయారు చేశారు. చేవెళ్ళ మండలంలోని ఆలూరులో బాలికల కోసం అటువంటి శిబిరం నడిచింది. మూడవది ఊరి అభిప్రాయాన్ని మార్చడం. గ్రామసభలలో చర్చలు, ఊరేగింపులు జరిగాయి. పిల్లలను పని నుండి విడిచిపెట్టిన యజమానులను పదిమంది ఎదుట సన్మానించారు. నిందించి దూరం చేసుకోవడం కంటె మెచ్చుకొని కలుపుకోవడం మేలన్నది వారి విధానం.

ఈ పనిలో ముందు నిలిచిన కార్యకర్తలలో చాలామంది ఆ గ్రామాల యువతీ యువకులే. తమ ఇండ్లలో మొదటిసారి చదువుకొన్నవారు, ఇంటర్మీడియట్ విద్యార్థుల కంటె వయస్సులో కొద్దిగా మాత్రమే పెద్దవారు వారిలో ఉన్నారు. వారికి ఏ ఇంటి పిల్ల ఎవరి తోటలో ఉన్నదో తెలుసు. ఏ తండ్రిని ఏ వరుసతో పిలిచి మాట్లాడాలో తెలుసు. 1990ల చివరి నాటికి ఉపాధ్యాయులు కూడా బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి పిల్లలను వెదకి బడికి తెచ్చే పనిని తమదిగా చేసుకొన్నారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు.

బడిలో చేర్చిన తరువాతనే అసలు పని ఉన్నదని ఈ ఉద్యమం తొందరలోనే గ్రహించింది. జూన్‌లో ఊరేగింపుగా బడికి వచ్చిన పిల్లలు పూలకోతలు మొదలయ్యే నాటికి పలుచబడేవారు. కనుక రెండు మూడు రోజులు రాని బిడ్డ ఇంటికి ఎవరో ఒకరు వెళ్ళాలన్న పద్ధతి ఏర్పడింది. ఆ వెళ్ళేవారు ఉపాధ్యాయుడు కావచ్చు, కార్యకర్త కావచ్చు, తోటి విద్యార్థి కావచ్చు. వెళ్ళినవారి మొదటి ప్రశ్న 'ఎందుకు రాలేదు?' అనే గద్దింపుగా ఉండరాదు, 'ఏమైంది?' అనే పలకరింపుగా ఉండాలి. ఈ రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానాలు వేరు. మొదటి దానికి 'రేపటి సంది వస్తది సారూ' అన్న మాటే వస్తుంది. రెండవ దానికి ఇంటిలో ఏమి జరుగుతున్నదో బయటపడుతుంది.

చట్టాలు, పథకాలు

ఇంతలో దేశంలోనూ మార్పులు వచ్చాయి. ఉన్నికృష్ణన్ వ్యాజ్యంలో 1993లో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ లోపు పిల్లల చదువు ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం నుండి వెళ్ళిన వ్యాజ్యం అది. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చింది. దానికి అనుగుణంగా వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టంలో 'నిర్బంధ విద్య' అనే మాటకు ఇచ్చిన వివరణ గమనించదగినది. నిర్బంధం పిల్లల మీద కాదు, తల్లిదండ్రుల మీద కాదు, ప్రభుత్వం మీద. ప్రతి బిడ్డ బడిలో చేరడం, హాజరు కావడం, చదువు పూర్తి చేయడం అనే మూడింటినీ చూడవలసిన బాధ్యత దానిదే. తల్లిదండ్రులతో సమావేశమై పిల్లల హాజరును, అభ్యసనాన్ని గురించి తెలియజేయడం ఉపాధ్యాయుల విధి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావాలి. మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు ఉండాలి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను అన్ని పనులలోనూ నిషేధించారు. అయితే బడివేళల తరువాత, సెలవులలో కుటుంబ వృత్తికి సహాయపడడాన్ని మినహాయించారు. పూలతోటల ఊళ్ళలో ఈ మినహాయింపు సన్నని గీత. తెల్లవారుజామున కోతకు వెళ్ళిన పిల్ల బడిగంటకు చేరుకొన్నదా లేదా అన్నదాని మీదనే ఆ గీత ఆధారపడుతుంది.

ఆకలి కూడా గైర్హాజరుకు పాత కారణమే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఆ పథకం మొదలైంది. మధ్యాహ్నం ఒక పూట అన్నం దొరకడం వల్ల కూలికి వెళ్ళే తల్లి బిడ్డను నిశ్చింతగా బడికి పంపగలుగుతుంది. ఆరోగ్యం మరొక కారణం. కడుపులో నులిపురుగులున్న పిల్లలకు మందు ఇస్తే బడిమానే రోజులు సుమారు నాలుగో వంతు తగ్గాయని కెన్యా దేశంలో జరిగి 2004లో ప్రకటితమైన ఒక అధ్యయనం తెలిపింది. మన దేశంలో 2015 నుండి నులిపురుగుల నివారణ దినాన్ని పాటిస్తున్నారు. కిశోర బాలికలకు బడిలో నీరు, తలుపు గల మరుగుదొడ్డి లేకపోతే నెలలో కొన్ని దినాలు పోతాయి. ఆ విషయాన్ని ఏ బాలికా సెలవు చీటీలో రాయదు. దూరపు ఉన్నత పాఠశాలకు వెళ్ళవలసిన బాలికలకు 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరంభమైన ఉచిత బస్సు ప్రయాణం కొంత తోడ్పడింది. బస్సు వేళ బడివేళతో కలిసినప్పుడే ఆ తోడ్పాటు పూర్తిగా అందుతుంది.

కరోనా వ్యాధి కారణంగా 2020 మార్చిలో మూతపడిన బడులు చిన్న తరగతులవారికి 2021 సెప్టెంబరులో గాని తెరుచుకోలేదు. దూరదర్శన్‌లోను, టి-శాట్‌లోను పాఠాలు ప్రసారమైనా, బడికి ప్రతిదినం వెళ్ళాలన్న అలవాటు అనేకమంది పిల్లలలో సడలింది. ఇది మన దేశానికే పరిమితమైన విషయం కాదు. అమెరికాలో దీర్ఘకాలిక గైర్హాజరు ఆ తరువాత దాదాపు రెట్టింపయింది. సంపన్న దేశంలోనూ ఇట్లా జరగడాన్ని బట్టి పేదరికం ఒక్కటే కారణం కాదని, బడితో బిడ్డకు ఉండే అనుబంధం తెగితే మళ్ళీ ముడిపడడం కష్టమని అర్థమవుతుంది.

తగ్గించే మార్గాలు

ఈనాడు చేవెళ్ళ, మొయినాబాద్ గ్రామాలు మారాయి. పొలాల నడుమ వ్యవసాయ క్షేత్ర గృహాలు వెలిశాయి. వాటికి కాపలాదారులుగా దూరప్రాంతాల నుండి వచ్చిన కుటుంబాలు యజమాని మారినప్పుడల్లా చోటు మారుతుంటాయి. వారి పిల్లలకు బడి మారుతుంది. కొన్నిసార్లు భాష కూడా మారుతుంది. పశువుల కాపరి పిల్లవాడు నేడు అరుదు. అతని స్థానంలో పేరు పట్టీలో ఉండి తాను మాత్రం అప్పుడప్పుడూ కనిపించే పిల్లవాడు ఉన్నాడు. సమస్య రూపం మారింది కనుక పరిష్కారం కూడా సూక్ష్మంగా ఉండాలి.

ముందుగా తెలుసుకోవడం వాటిలో మొదటిది. సంవత్సరాంతంలో హాజరు తగ్గిందని గుర్తించడం వల్ల ప్రయోజనం లేదు. జూన్, జూలై నెలలలోనే నాలుగైదు రోజులు మానినవారి పేర్లు విడిగా రాసుకొంటే, ఆ సంవత్సరం ఎవరి మీద దృష్టి ఉంచాలో తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2023లో ముఖాన్ని గుర్తించి హాజరు నమోదు చేసే యాప్ వచ్చింది. యంత్రం లెక్కను తప్పులేకుండా చూపగలదు. ఆ లెక్కను చూసి ఇంటికి వెళ్ళి పలకరించడం మాత్రం మనుషుల పని.

కారణాన్ని బట్టి సహాయం చేయడం రెండవది. జ్వరంతో మానిన బిడ్డకు, చెల్లెలిని చూసుకోవడానికి మానిన బిడ్డకు, గణితం ఉపాధ్యాయుని భయంతో మానిన బిడ్డకు ఒకే మందు పనిచేయదు. మొదటివారికి ఆరోగ్య ఉపకేంద్రం కావాలి. రెండవవారికి చెల్లెలిని ఉంచే అంగన్‌వాడీ కావాలి. మూడవవారికి మెత్తని మాట కావాలి. పిల్లలను శారీరకంగా, మానసికంగా హింసించరాదని విద్యాహక్కు చట్టం శాసించింది. మానివచ్చిన బిడ్డను నలుగురి ఎదుట నిలబెట్టి ప్రశ్నించడం కూడా మరునాటి గైర్హాజరుకు విత్తనం నాటడమే.

తిరిగివచ్చిన బిడ్డను అందుకోవడం మూడవది. వారం తరువాత వచ్చిన పిల్లకు ఆ వారం పాఠాలు చెప్పే ఏర్పాటు ఉండాలి. అందుకు పక్కన కూర్చొనే స్నేహితురాలి నోటుపుస్తకం, సాయంత్రం ఒక అరగంట చాలు. లేకపోతే ఆమె శరీరం తరగతిలో ఉన్నా చదువు గైర్హాజరుగానే ఉంటుంది.

ఊరి పంచాంగాన్ని గమనించడం నాలుగవది. ఏ మాసంలో పూలకోత, ఏ మాసంలో పెండ్లిళ్ళు, ఏ వారం జాతర అన్నది ఊరివారందరికీ తెలుసు. ఆ రోజులకు ముందే యాజమాన్య కమిటీ, గ్రామ పంచాయతీ, తోటల యజమానులు కలిసి మాట్లాడుకొంటే ఆ కాలంలో పిల్లలు కోతకు వెళ్ళకుండా చూడవచ్చు. పెద్దల కూలికి సరైన వెల కట్టకుండా పిల్లల చేతులను వాడుకొనే ఆచారం ఊరంతా ఒక్కమాట మీద నిలిచినప్పుడే పోతుంది.

ఆడపిల్లల విషయంలో అదనపు జాగ్రత్త అవసరం. ఎనిమిది, తొమ్మిది తరగతులలో ఒక బాలిక హాజరు హఠాత్తుగా తగ్గిందంటే ఆ ఇంటిలో పెండ్లి మాటలు మొదలైనవేమోనని అనుమానించాలి. పద్దెనిమిదేండ్లు నిండని బాలిక వివాహం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ ప్రమాదాన్ని ముందుగా పసిగట్టగల అవకాశం హాజరుపట్టీకి, పక్క బల్ల మీది స్నేహితురాలికి ఉన్నది.

ఇంటర్మీడియట్ విద్యార్థులకు 75 శాతం హాజరు నియమం సుపరిచితమే. దానిని పరీక్షకు అడ్డుగోడగా భావించడం సహజం. కాని నాలుగింట మూడు వంతులు వచ్చినవారు కూడా నాలుగింట ఒక వంతు కోల్పోయినవారే. తమ పక్కన కొన్నాళ్ళుగా ఖాళీగా ఉన్న చోటును గమనించడం, ఆ మిత్రుని ఇంటికి వెళ్ళి రావడం, తమ్ముడో చెల్లెలో తరచుగా బడి మానుతుంటే కారణం అడగడం ఈ వయస్సువారికి సాధ్యమైన పనులే. రంగారెడ్డి జిల్లా గ్రామాలలో ఆ పనిని మొదట చేసినవారు దాదాపు ఈ వయస్సువారే.

భాగవత కథలో బలరామకృష్ణులు సాందీపని వద్ద చదువు ముగించి గురుదక్షిణ ఏమి కావాలని అడుగుతారు. ఆ గురువు ధనం కోరలేదు, గోవులను కోరలేదు. సముద్రంలో మునిగిపోయిన తన కుమారుని తెచ్చి ఇమ్మన్నాడు. శిష్యులు సముద్రాన్ని గాలించి, అక్కడ లేడని తెలిసి, యముని నగరం వరకు వెళ్ళి ఆ బిడ్డను తీసుకొనివచ్చి గురువుకు అప్పగించారు. చదువుకొన్నవారు చదువుకు చెల్లించవలసిన ఋణం తప్పిపోయిన బిడ్డను వెదకి తేవడమని ఆ కథ చెబుతున్నట్లు తోస్తుంది. చేవెళ్ళలోనైనా, మొయినాబాద్‌లోనైనా అందుకు సముద్రాలు దాటవలసిన పని లేదు. పూలతోట గట్టు దాటి నాలుగిండ్ల అవతలికి వెళ్ళి, 'ఏమైంది?' అని అడిగితే చాలు.

అభ్యాసం

అ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. సగటు హాజరు వాస్తవ పరిస్థితిని ఎట్లా మరుగుపరుస్తుందో ఉదాహరణతో వివరించండి.
2. పూలతోటల సాగుకు, పిల్లల గైర్హాజరుకు గల సంబంధాన్ని తెలపండి.
3. 'పేదరికమే ఏకైక కారణం' అనే వాదనను గ్రామాల అనుభవం ఏ విధంగా సవరించింది?
4. విద్యాహక్కు చట్టంలో 'నిర్బంధ విద్య' అనే మాటకు గల అర్థాన్ని విశదీకరించండి.

ఆ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. 'గైర్హాజరు' అనే పదం ఎట్లా ఏర్పడింది?
2. ఎం.వి. ఫౌండేషన్ ఏ సంవత్సరంలో బాలకార్మికుల సమస్యను చేపట్టింది?
3. సాందీపని కోరిన గురుదక్షిణ ఏమిటి?

ఇ) ప్రాజెక్టు పని

మీ ఊరిలో ఏ మాసాలలో పిల్లలు ఎక్కువగా బడి మానుతారో పెద్దలను, ఉపాధ్యాయులను అడిగి తెలుసుకొని, కారణాలతో ఒక నివేదిక రాయండి.